మీ డిజైను ఎక్కడి నుంచి వచ్చింది?



మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక ప్రాజెక్టు చేసి ఉంటారు. స్కూలు ప్రదర్శనకు పోస్టరు, కాలేజీ పత్రికకు ముఖచిత్రం, డిజైను కోర్సులో చేరిన వారైతే ఒక కుర్చీ నమూనానో, ఒక బట్ట మీద అచ్చువేసే నమూనానో. ప్రాజెక్టు చూడడానికి వచ్చిన వారు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఈ ఆలోచన నీకు ఎక్కడి నుంచి వచ్చింది?"

ఈ ప్రశ్న వినగానే చాలామంది విద్యార్థులు బెదిరిపోతారు. "నా సొంతం సార్" అని గబగబా అనేస్తారు. ఎక్కడో చూశామని ఒప్పుకుంటే మార్కులు పోతాయని వారి భయం. ఆ భయం ఎంత నష్టం చేస్తుందో నేను ఒకసారి దగ్గరగా చూశాను.

చాలా ఏళ్ళ క్రితం ఒక విద్యార్థుల ప్రదర్శనకు న్యాయనిర్ణేతలలో ఒకడిగా వెళ్ళాను. తొమ్మిదో తరగతి అమ్మాయి మడ అడవుల మీద ఒక పోస్టరు వేసింది. చెట్టు వేళ్ళు మనిషి వేళ్ళలా మారి మట్టిని పట్టుకున్నట్టు ఉంది బొమ్మ. మాతో ఉన్న మరొకరు అలాంటి బొమ్మను ఒక క్యాలెండరులో చూశామన్నారు. "ఇది నీ ఆలోచనేనా?" అని అడిగాం. "నాదే" అంది. బహుమతుల జాబితా నుంచి ఆ పోస్టరును తీసేశాం.

ప్రదర్శన ముగిశాక ఆ అమ్మాయి టీచరు నాతో ఒక మాట చెప్పారు. క్యాలెండరులోది మర్రిచెట్టట. ఈ అమ్మాయి తన ఊరి పక్కనున్న ఉప్పుటేరు దగ్గర కొన్నాళ్ళు కూర్చుని మడచెట్ల వేళ్ళను చూసి గీసుకుందట. మడచెట్లలో కొన్ని రకాలకు బురదలోంచి నిటారుగా పైకి లేచే శ్వాసవేళ్ళు ఉంటాయి. బురదలో ఆక్సిజన్ చాలా తక్కువ కాబట్టి ఆ వేళ్ళు గాలిలోకి వచ్చి ఆక్సిజన్ తీసుకుంటాయి. పోస్టరులో మట్టిని పట్టుకున్న చేతుల పక్కన బురదలోంచి పైకి లేచిన వేళ్ళ కొసలు కూడా ఉన్నాయి. అవి క్యాలెండరులో లేవు. అవే ఆ అమ్మాయి సొంతం. మేము వాటి గురించి అడగనే లేదు. ఆమెకు చెప్పడం తెలియలేదు, మాకు అడగడం తెలియలేదు.

అందుకే ఈ పాఠంలో మనం కళాప్రభావం అంటే ఏమిటో, దాన్ని ఎలా గుర్తించాలో, మీ ప్రాజెక్టులో దాని గురించి ధైర్యంగా ఎలా చెప్పాలో తెలుసుకుందాం.

ప్రభావం, అనుకరణ

ముందుగా రెండు మాటల మధ్య తేడా తెలుసుకోవాలి. ఒక బొమ్మ రూపాన్ని ఉన్నది ఉన్నట్టు దించితే అది అనుకరణ. ఒక బొమ్మ ఎలా తయారైందో, ఎందుకు అలా తయారైందో అర్థం చేసుకుని, ఆ పద్ధతిని మన అవసరానికి మార్చుకుంటే అది ప్రభావం.

మన ఇంటి ముందు వేసే ముగ్గునే చూడండి. అమ్మ వేసిన ముగ్గును అలాగే కాగితం మీద దించితే అనుకరణ. ముగ్గు వెనుక ఉన్న నియమం వేరు. ముందు చుక్కలు వరసగా పెడతారు. ఆ తర్వాత గీత ఏ చుక్కనూ తాకకుండా, అన్నిటి చుట్టూ తిరిగి, మొదలైన చోటికే చేరుతుంది. ఈ నియమాన్ని పట్టుకుని, చుక్కలను మీ ఊరి చెరువులుగానూ గీతను వాటిని కలిపే కాలువగానూ మార్చి నీటి సంరక్షణ మీద పోస్టరు వేశారనుకోండి. చూసేవారికి ముగ్గు గుర్తుకు వస్తుంది. కానీ ఆ పోస్టరు మీదే.

సైన్సులో ఈ విషయం మనకు అలవాటే. ప్రయోగశాల రికార్డులో "నేను ఈ ఫార్ములాను కనిపెట్టాను" అని ఎవరూ రాయరు. ఫలానా నియమాన్ని ఉపయోగించాను, ఫలానా మార్పు చేశాను, ఫలానా ఫలితం వచ్చింది అని రాస్తారు. మూలం చెప్పినందుకు మార్కులు తగ్గవు. చెప్పకపోతేనే అనుమానం వస్తుంది. కళకూ డిజైనుకూ కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

హౌరా ఎందుకు?

ఇది ఉదాహరణలతో చూడడానికి మిమ్మల్ని హౌరాకు తీసుకువెళతాను. విజయవాడ, విశాఖపట్నం వైపు నుంచి కలకత్తా వెళ్ళే మన రైళ్ళలో అనేకం చివరకు చేరేది హౌరా స్టేషనుకే. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున హౌరా, తూర్పు ఒడ్డున కోల్‌కతా ఉంటాయి. ఇప్పుడు మనం చూసే స్టేషను భవనం 1905లో ప్రారంభమైంది. దాని రూపకర్త హాల్సీ రికార్డో అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు. స్టేషను బయటికి వస్తే ఎదురుగా కనిపించే ఉక్కు వంతెన 1943 నాటిది.

స్టేషను దగ్గర నిలబడితే మూడు దారులు ఉన్నాయనుకుందాం. నది వెంట ఉత్తరానికి వెళితే బేలూరు మఠం వస్తుంది. దక్షిణానికి వెళితే శిబ్‌పూర్‌లోని వృక్షశాస్త్ర ఉద్యానం. మూడోది, ఇదే స్టేషనులో మరో రైలు ఎక్కి బోల్‌పూర్‌లో దిగితే వచ్చే శాంతినికేతన్.

శాంతినికేతన్ కళాభవన్‌ను దీర్ఘకాలం నడిపిన నందలాల్ బోస్‌కు, ఆయన తరం బెంగాల్ చిత్రకారులకు జపాన్ పండితుడు ఒకాకురా కకుజో ఒక ముఖ్యమైన విషయం చెప్పాడు. కళలో మూడు కలవాలి: సంప్రదాయం, ప్రకృతి, సొంత ఆలోచన. సంప్రదాయం ఒక్కటే ఉంటే కళ పాతబడుతుంది. ప్రకృతి ఒక్కటే ఉంటే నకలు అవుతుంది. సొంత ఆలోచన ఒక్కటే ఉంటే దానికి నిలబడే ఆధారం ఉండదు. నందలాల్ బోస్ బోధనలో ఈ మూడూ ముఖ్యమైనవిగా నిలిచాయి. మన మూడు దారులలో ఒక్కొక్కటి వీటిలో ఒకదాన్ని చూపిస్తుంది.

మొదటి దారి: సంప్రదాయం

కర్ణాటకలో శిల్పాలకు పేరుపొందిన బేలూరు వేరు, ఈ బేలూరు వేరు. ఇక్కడి శ్రీరామకృష్ణ ఆలయం 1938 జనవరి 14న ప్రతిష్ఠ జరుపుకుంది. ఆలయం ఎలా ఉండాలన్న ఊహ స్వామి వివేకానందది. ఆయన 1902లోనే మరణించారు. ఆ ఊహను కాగితం మీద ప్లానుగా మార్చినవారు స్వామి విజ్ఞానానంద. సన్యాసం తీసుకోకముందు ఆయన ఇంజనీరుగా ఉద్యోగం చేశారు. ఆలయం పొడవు 233 అడుగులు, ఎత్తు 112.5 అడుగులు.

ఈ కట్టడం ముందు నిలబడిన వారికి ఒక వింత అనుభవం కలుగుతుంది. ముందుభాగంలోని తోరణాన్ని చూస్తే బౌద్ధ గుహాలయాలు గుర్తుకు వస్తాయి. ప్రవేశ ద్వారం ఎత్తు చూస్తే మన దక్షిణాది గోపురం తలపుకు వస్తుంది. కిటికీలు, ముందుకు పొడుచుకు వచ్చిన వసారాలు రాజపుత్ర, మొగలు భవనాలను తలపిస్తాయి. మధ్య గుమ్మటంలో ఐరోపా పునరుజ్జీవన కాలపు ఛాయలున్నాయి. ప్లానును పైనుంచి చూస్తే క్రైస్తవుల శిలువ ఆకారం కనిపిస్తుంది.

ఇన్ని చోట్ల నుంచి తీసుకుంటే అతుకుల బొంత కావాలి కదా? ఎందుకు కాలేదు? ఎందుకంటే ఎంపిక వెనుక ఒకే ఉద్దేశం ఉంది. అన్ని మతాలూ ఒకే గమ్యానికి దారులు అన్నది శ్రీరామకృష్ణుల బోధ. ఆ బోధను రాతిలో చెప్పడమే ఆలయం పని. కాబట్టి ఏ అంశాన్ని తీసుకున్నా "ఇది ఇక్కడ ఎందుకుంది?" అన్న ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

అదే 1938లో మరో ఉదాహరణ ఉంది. ఫిబ్రవరిలో గుజరాత్‌లోని హరిపురాలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ ఆ సభాస్థలికి పోస్టర్లు వేశారు. డోలు వాయించేవాడు, కుమ్మరి, నూలు వడికే స్త్రీ వంటి మామూలు మనుషులే ఆ పోస్టర్లలో ఉన్నారు. నందలాల్‌కు అజంతా కుడ్యచిత్రాలు తెలుసు, జపాన్ తూలికా చిత్రాలు తెలుసు. కానీ ఇక్కడ ఆయన గ్రామీణ పటచిత్రాల వైపు మొగ్గారు. లావైన గీత, కొద్ది రంగులు. ఎందుకు? పోస్టరును చూసేవారు నడిచి వెళ్ళే గ్రామస్థులు. దూరం నుంచి ఒక్క చూపులో బొమ్మ అర్థం కావాలి. ఆ అవసరానికి సన్నని పనితనం పనికిరాదు, బలమైన గీత కావాలి.

ఇక్కడ మీరు గ్రహించవలసింది ఇది. మంచి విద్యార్థి "నాకు కలంకారీ ఇష్టం, అందుకే వాడాను" అని ఆగిపోడు. "నా పనికి ఫలానా గుణం కావలసి వచ్చింది. ఆ గుణం కలంకారీలో ఉంది. కాబట్టి అక్కడి నుంచి తీసుకున్నాను" అంటాడు.

రెండో దారి: ప్రకృతి

ఇప్పుడు స్టేషను నుంచి దక్షిణానికి, శిబ్‌పూర్‌కు వెళదాం. అక్కడి ఉద్యానాన్ని 1787లో ఈస్టిండియా కంపెనీ అధికారి కర్నల్ రాబర్ట్ కిడ్ స్థాపించాడు. 2009 నుంచి దాని పేరు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారత వృక్షశాస్త్ర ఉద్యానం. ఈ తోటకూ మన తెలుగు నేలకూ విడదీయరాని సంబంధం ఉంది.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు కంపెనీ ఉద్యోగంలో గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో చాలా ఏళ్ళు ఉన్నాడు. చుట్టుపక్కల మొక్కలను సేకరించి, వర్ణించి, స్థానిక చిత్రకారులను పెట్టుకుని వాటి బొమ్మలు గీయించాడు. 1793లో ఆయన ఈ హౌరా తోటకు అధికారిగా వచ్చి 1813 వరకు పనిచేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. అందులో 300 రంగుల చిత్రాలున్నాయి. ఆయన గీయించిన మొత్తం బొమ్మలు రెండున్నర వేలకు పైమాటే. వాటి ప్రతులు ఒకటి లండన్ పక్కనున్న క్యూ ఉద్యానంలోనూ, మరొకటి ఇక్కడ హౌరాలోనూ భద్రంగా ఉన్నాయి.

ఆ చిత్రాలలో ఏముందో గమనించండి. వెనుక దృశ్యం లేదు. తెల్లని కాగితం మీద ఒక్క కొమ్మ. ఆకుల ఈనెలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. అడుగున విడిగా పువ్వు కోత, కేసరాలు, కాయ, గింజ. కొమ్మ మీద ఒకచోట మొగ్గ, ఒకచోట పువ్వు, ఒకచోట కాయ కనిపించవచ్చు. నిజమైన చెట్టు మీద ఇవన్నీ ఒకే రోజు ఒకే కొమ్మకు ఉండకపోవచ్చు. మొక్కను గుర్తుపట్టేవారికి మాత్రం అన్నీ ఒకేచోట కావాలి.

అంటే ఈ బొమ్మలలో రెండు ప్రభావాలు కలిశాయి. గీతలోనూ, చదునైన రంగులోనూ భారతీయ చిత్రకారుల చేతి అలవాటు ఉంది. పువ్వును విడదీసి భాగాలు చూపే పద్ధతి ఐరోపా వృక్షశాస్త్రానిది. ఈ రెండింటి కలయికతో పుట్టిన శైలిని కళాచరిత్రకారులు కంపెనీ చిత్రకళ అంటారు. రెండింటినీ కలిపి ఉంచినది మాత్రం ఎదురుగా ఉన్న మొక్కే. ఈనె ఎటు తిరిగిందో మొక్కను చూసి తెలుసుకోవలసిందే. అలవాటు మీద గీస్తే బొమ్మ అందంగా ఉండవచ్చు కానీ మొక్క గుర్తుపట్టరాదు.

ఈ కథలో బాధపెట్టే విషయం కూడా ఒకటుంది. గ్రంథం మొదటి పుటలో రాక్స్‌బర్గ్ పేరుంది, ప్రచురణను పర్యవేక్షించిన జోసెఫ్ బ్యాంక్స్ పేరుంది. బొమ్మలు గీసిన మన చిత్రకారుల పేర్లు లేవు. మూలం చెప్పకపోతే ఏమవుతుందో దీన్ని బట్టి తెలుస్తుంది. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ చేతిపనిని మనం మెచ్చుకోగలం, కానీ మనిషికి నమస్కరించలేం. మీ ప్రాజెక్టులో మీకు అల్లిక నేర్పిన అమ్మమ్మ పేరో, అచ్చు చెక్కించుకున్న వడ్రంగి పేరో రాయండి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

మూడో దారి: సొంత ఆలోచన

ఇప్పుడు మళ్ళీ స్టేషనుకు వచ్చి బోల్‌పూర్ రైలు ఎక్కుదాం. 1940లలో చిత్తూరు జిల్లా నుంచి ఒక కుర్రవాడు శాంతినికేతన్ కళాభవన్‌లో చేరాడు. ఊరు నందనూరు, పేరు కృష్ణారెడ్డి. పుట్టింది 1925లో. తర్వాతి కాలంలో ప్రపంచమంతా గౌరవించిన ముద్రణ చిత్రకారుడు ఈయనే. 1972లో పద్మశ్రీ వచ్చింది. 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు.

ఆయన గురువుల జాబితా చూడండి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్. తర్వాత మద్రాసు కళాక్షేత్రలో కొంతకాలం పనిచేసి లండన్ వెళ్ళి హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. పారిస్‌లో ఒసిప్ జాడ్కిన్ అనే శిల్పి దగ్గర, ఇటలీలోని మిలాన్‌లో మరీనో మరీని దగ్గర చదివారు. పారిస్‌లోనే స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ముద్రణశాలలో చేరారు. ఆ తర్వాత దాన్ని నడపడంలో హేటర్‌కు తోడుగా నిలిచారు.

ఇంతమంది పెద్దల ప్రభావం ఉన్న విద్యార్థి ఎవరో ఒకరికి నకలుగా మిగిలిపోవాలి. కృష్ణారెడ్డి అలా మిగిలిపోలేదు. కారణం తెలియాలంటే కొంచెం సైన్సులోకి వెళ్ళాలి.

సిరాల స్నిగ్ధత

ముద్రణ చిత్రకళలో రాగి లేదా జింకు పలక మీద బొమ్మ చెక్కుతారు. లేదా ఆమ్లంతో తినిపిస్తారు. గాడుల్లో సిరా నింపి, పైభాగం తుడిచి, తడి కాగితం పరచి ప్రెస్సులో నొక్కితే బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఒక్క రంగుకు ఇది సులభం. నాలుగు రంగులు కావాలంటే మామూలుగా నాలుగు పలకలు చేయాలి. ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి తేడా రాకుండా నాలుగుసార్లు ముద్రించాలి.

ఒకే పలకతో, ఒకేసారి అన్ని రంగులూ ముద్రించడం ఎలా? 1950ల నుంచి అటెలియే 17లో కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ, హేటర్ ఈ సమస్య మీద కృషి చేశారు. వారికి దారి చూపిన గుణం మీకు భౌతికశాస్త్రంలో పరిచయమైనదే: స్నిగ్ధత.

ద్రవం పారకుండా తనలో తాను చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు. నీటి స్నిగ్ధత తక్కువ, ఆముదం స్నిగ్ధత ఎక్కువ. ముద్రణ సిరాలో అవిసె నూనె ఎక్కువ కలిపితే పలచబడుతుంది, తక్కువైతే చిక్కగా జిగురుగా ఉంటుంది. పలక మీద ముందుగా నూనె ఎక్కువున్న పలచని సిరా పూసి, దాని మీద చిక్కని సిరా రోలరు దొర్లిస్తే, చిక్కని సిరా అక్కడ అంటుకోదు. పలచని సిరా లేని చోటే అంటుకుంటుంది. అంటే ఒక సిరా మరొక సిరాను తోసిపుచ్చుతుంది.

దీనికి రెండో ఉపాయం తోడైంది. పలకను ఒకే మట్టంలో కాకుండా మెట్లు మెట్లుగా, ఎత్తుపల్లాలతో చెక్కుతారు. గట్టి రబ్బరు రోలరు పైమట్టాన్ని మాత్రమే తాకుతుంది. మెత్తని రోలరు నొక్కితే ఒదిగి పల్లాల్లోకి కూడా దిగుతుంది. కాబట్టి గాడుల్లో ఒక రంగు, పైమట్టం మీద గట్టి రోలరుతో పలచని సిరా, పల్లాల్లో మెత్తని రోలరుతో చిక్కని సిరా. మూడు రంగులూ ఒకే పలక మీద, కలిసిపోకుండా, ఒకే నొక్కుకు కాగితం మీదికి వస్తాయి.

ఇప్పుడు ప్రభావాల సంగతి చూద్దాం. సిరాల మీద ప్రయోగాలు జరిగిన ఈ ముద్రణశాల అధిపతి హేటర్ చదివినది రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. చిత్రకారుడు కాకముందు ఆయన చమురు కంపెనీలో పనిచేశాడు. కానీ పలకను లోతులున్న వస్తువుగా చూడాలంటే శిల్పి కన్ను కావాలి. ఆ కన్ను కృష్ణారెడ్డిది. ఆయన పలకను కాగితంలా కాక రాయిలా మలిచేవారు. నీటి సుడి, అల, మొలక వంటి ప్రకృతి రూపాల మీద ఆయనకున్న శ్రద్ధలో శాంతినికేతన్ చదువు కనిపిస్తుంది. 1963 నాటి 'సుడిగుండం' అనే చిత్రంలో ఇవన్నీ కలిసి ఉన్నాయి. తిరిగే నీటిలో చైతన్యం ప్రకృతి నుంచి వచ్చింది, లోతు శిల్పం నుంచి వచ్చింది, రంగు స్నిగ్ధత నుంచి వచ్చింది. ఇది నందలాల్ బొమ్మ అనిగానీ, మూర్ బొమ్మ అనిగానీ ఎవరూ అనలేరు.

1968లో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే కృష్ణారెడ్డి 'నిరసనకారులు' అనే చిత్రం చేశారు. పద్ధతి పాతదే, విషయం ఆ క్షణానిది. ప్రభావం బాగా జీర్ణమైతే కళ్ళ ముందు జరిగే దాన్ని చెప్పడానికి కూడా అది పనికివస్తుంది.

బేలూరులో ప్రభావాలు పక్కపక్కనే నిలబడి కనిపిస్తాయి. తోట చిత్రాలలో రెండు పద్ధతులు ఒక మొక్క దగ్గర కలిశాయి. కృష్ణారెడ్డి పలక మీద అవి కరిగిపోయి కొత్త పద్ధతి పుట్టింది. మూడూ గౌరవమైన మార్గాలే. విద్యార్థి సాధారణంగా మొదటి దానితో మొదలుపెట్టి మూడోదాని వైపు నడుస్తాడు. తొలి ఏడాదిలోనే మూడోది రాలేదని కుంగిపోనక్కరలేదు.

మీ ప్రాజెక్టుకు ఇలా చేయండి

ఒక నోటుపుస్తకం తీసుకుని ప్రతి పుటలో మూడు గళ్ళు గీయండి.

మొదటి గడిలో: ఏమి చూశాను, ఎక్కడ చూశాను, ఎవరిది? పుస్తకం అయితే పుస్తకం పేరు, మనిషి అయితే మనిషి పేరు.

రెండో గడిలో: దాని నుంచి ఏ గుణం తీసుకున్నాను, ఎందుకు? "బాగుంది" అన్న మాట ఇక్కడ చెల్లదు. గీత లావా? రంగుల వరసా? చుక్కల నియమమా? పనిముట్టు వాడే తీరా? స్పష్టంగా రాయండి.

మూడో గడిలో: నేను ఏమి మార్చాను, ఆ మార్పుకు నాకు ఏ పరిశీలన ఆధారం? ఈ గడి ఖాళీగా ఉంటే మీరు చేసినది అనుకరణ. భయపడవద్దు, చేతికి సాధనగా అనుకరణ కూడా మంచిదే. అయితే దాన్ని సాధన అనే పిలవండి, ప్రాజెక్టుగా ఇవ్వకండి.

ఇప్పుడు కంప్యూటరును అడిగితే అదే క్షణంలో బొమ్మ తయారుచేసి ఇస్తోంది. దాన్ని వాడాలా వద్దా అన్నది మీ సంస్థ నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది. వాడితే మాత్రం వాడానని మొదటి గడిలో రాయండి. అప్పుడు మీకే ఒక సంగతి తెలుస్తుంది. ఆ బొమ్మకు మూలాలు ఎవరివో, ఎన్నో మీకు తెలియదు. అంటే మొదటి గడి సగమే నిండుతుంది. మూడో గడిని మాత్రం ఏ యంత్రమూ మీకోసం నింపలేదు. ఉప్పుటేరు దగ్గర కూర్చోవలసింది మీరే.

చివరి మాట

శిబ్‌పూర్ తోటలో ఒక మహా మర్రి ఉంది. వయసు రెండు వందల యాభై ఏళ్ళకు పైనే అంటారు. తుపానుల దెబ్బకు, బూజు తెగులుకు దాని మొదలు పాడైతే 1925లో తొలగించారు. అయినా చెట్టు చావలేదు. కొమ్మల నుంచి నేలకు దిగిన మూడు వేలకు పైగా ఊడల మీద అది ఇంకా విస్తరిస్తోంది. ఏ ఊడ ఎక్కడ దిగిందో తోటవారు లెక్క పెట్టుకుంటారు. మీ ఊడల లెక్క మీరు పెట్టుకోండి.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మళ్ళీ నాకు కనిపించలేదు. ఈ పాఠం ఆ రోజు నాకు తెలిసి ఉంటే ఆమెను "ఇది నీదేనా?" అని అడిగేవాణ్ణి కాదు. "ఎక్కడ చూశావమ్మా? అందులో నువ్వేం మార్చావు?" అని అడిగేవాణ్ణి. ఆమె జవాబు ఆమె పోస్టరులోనే ఉంది, బురదలోంచి పైకి లేచిన ఆ వేళ్ళ కొసల్లో.

మీరు చేయవలసిన పని

1. మీరు ఇంతకుముందు చేసిన ఒక బొమ్మనో డిజైనునో తీసుకుని పైన చెప్పిన మూడు గళ్ళూ నింపండి.

2. మీ ఊరిలోని ఒక గుడి, మసీదు, చర్చి లేదా పాత ఇల్లు ఎంచుకోండి. అందులో ఏ భాగం ఏ ప్రాంతపు కట్టడాలను గుర్తుచేస్తుందో, అది అక్కడ ఎందుకుందో పెద్దలను అడిగి రాయండి.

3. ఒక ఆకును ఎదురుగా పెట్టుకుని గంటసేపు గీయండి. తర్వాత అదే ఆకును చూడకుండా గీయండి. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి పోల్చండి. మొదటి దానిలో ఉండి రెండో దానిలో లేనిది ఏమిటో రాయండి.